పెడల్ రాయికి తగలకుండా: విశాఖ కొండదారులకు మౌంటెన్ బైక్ ఎత్తు, సస్పెన్షన్ సర్దుకునే పద్ధతి

సింహాచలం కొండల అంచుల్లో, మధురవాడ వెనక గుట్టల్లో, యారాడ వైపు, ఆనందపురం దాటాక వచ్చే డొంకదారుల్లో సైకిల్ తొక్కేవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా వినే మాట "పెడల్ కింద తగులుతోంది". దానికి వెంటనే దొరికే సలహా "ఇంకాస్త పొడుగు ఫోర్క్ వేయించెయ్". ఆ సలహా విని డబ్బు పెట్టేముందు ఒక్కసారి లెక్క చూడండి. 100 మి.మీ. దిగే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే, నొక్కుకుని లేచే కాళ్ళు) తీసి 120 వేస్తే పెడల్ కింద పెరిగే ఎడం 5 నుంచి 7 మి.మీ. మాత్రమే. క్రాంక్ (పెడల్ బిగించే చేయి) పొడవు ఒక సైజు తగ్గించి, పల్చటి పెడల్స్ వేసి, టైరు కొంచెం పెంచి, సస్పెన్షన్ సరిగ్గా పెట్టుకుంటే 20 మి.మీ. దాటి వస్తుంది. పైగా బండి నడక చెడదు.

అందుకే ఈ వ్యాసంలో ఫోర్క్ మార్చడం చివర్లో వస్తుంది. మొదట కొలత, తర్వాత గాలి, ఆ తర్వాత చిన్న భాగాలు, అవన్నీ అయ్యాక ఇంకా అవసరమైతేనే జామెట్రీ, అంటే ఫ్రేమ్ కోణాలు, ఎత్తులు.

మన కొండల్లో ఎందుకు తగులుతుంది

విశాఖ చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ రాయి. పొరలు పొరలుగా ఉండే రాయి ఇది. ఎండకీ వానకీ గోధుమ, ఎరుపు రంగుల్లోకి మారుతుంది, పొర విరిగిన చోట నిటారు అంచుతో మెట్టులా నిలబడుతుంది. నున్నటి బండరాయి మీద చక్రం దొర్లిపోతుంది. ఇలాంటి అంచు దగ్గర ముందు చక్రం ఎక్కేశాక, వెనక చక్రం ఇంకా కిందే ఉండగా, రెండింటి మధ్య ఉన్న చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్ళ చక్రం), పెడల్ నేరుగా రాయి మీదికి వస్తాయి.

రెండోది వాన. జూన్ నుంచి మొదలై అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా నీళ్ళు దారి మధ్యలోనే కాలవ కోసేస్తాయి. చక్రం ఆ కాలవలోకి దిగిందంటే రెండు పక్కల గట్లూ పెడల్ ఎత్తుకు వచ్చేస్తాయి. ఇక జీడిమామిడి తోటల్లో వేర్లు, గెడ్డలు దాటే చోట గుండ్రాళ్ళు సరేసరి.

కొండకు అడ్డంగా పోయే సన్నదారుల సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పెడల్ బయటి అంచు సైకిల్ మధ్యగీత నుంచి సుమారు 180 మి.మీ. దూరంలో ఉంటుంది. నేల 10 డిగ్రీలు అడ్డంగా వాలి ఉంటే, ఆ దూరంలో కొండవైపు నేల 30 మి.మీ. ఎత్తుగా ఉన్నట్టే. అంటే చదును నేల మీద మీరు కష్టపడి సంపాదించుకున్న ఎడం అంతా అక్కడ ఒక్కసారిగా పోతుంది. కొండవైపు పెడల్ మాత్రమే ఎందుకు తగులుతోందో చాలామందికి అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

అడుగు 1: ఏది తగులుతోందో తేల్చుకోండి

పరిష్కారం పూర్తిగా దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి తొందరపడకండి. బండి శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. పెడల్స్ కింది ముఖం, బయటి అంచు, క్రాంక్ చివర, చైన్‌రింగ్ కింద, ఫ్రేమ్ డౌన్‌ట్యూబ్ అడుగున తెల్ల పేపర్ టేప్ అంటించండి. వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) బయటి వైపు కూడా ఒక ముక్క వేయండి. మీకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టే దారిలోనే తొక్కి వచ్చి, టేప్ ఎక్కడ చిరిగిందో చూడండి.

పెడల్ కింది ముఖం మధ్యలో చిరిగితే ఎదురుగా వచ్చిన రాయి తగిలినట్టు. అప్పుడు ఎత్తు కావాలి. బయటి అంచు మాత్రమే గీసుకుపోతే అడ్డవాలులోనో, మలుపులో బండి వాలినప్పుడో తగులుతోంది. అక్కడ ఎత్తు కంటే వెడల్పు తక్కువ ఉన్న పెడల్, పొట్టి క్రాంక్ ఎక్కువ పనిచేస్తాయి. చైన్‌రింగ్ పళ్ళ దగ్గర చిరిగితే రాతి మెట్లు ఎక్కేటప్పుడు తగులుతోంది. దానికి క్రాంక్ పొడవుతో సంబంధమే లేదు, చైన్‌రింగ్ సైజు తగ్గించాలి. డిరైలర్ తగులుతుంటే చాలావరకు అది దారి ఎంచుకోవడంలో సమస్య. ఫ్రేమ్ ఎత్తు పెంచినా పెద్దగా మారదు, ఎందుకంటే డిరైలర్ వేలాడేది వెనక ఇరుసు దగ్గర. దాని ఎత్తు చక్రం సైజును బట్టే ఉంటుంది. సంచిలో ఒక స్పేర్ హ్యాంగర్ (డిరైలర్ వేలాడే ముక్క) ఉంచుకోండి, అది చాలు.

ఎడమ పెడల్ కంటే కుడి పెడల్ ఎక్కువ తగులుతుంటే, పెడల్ తొక్కకుండా జారిపోయేటప్పుడు మీ పాదాలు ఎలా ఉంటున్నాయో తోటివారిని ఫోన్‌లో వీడియో తీయమనండి. ఒక కాలు కిందికి వేలాడేసి తొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. దానికి ఏ భాగం మార్చినా ఉపయోగం లేదు.

అడుగు 2: కొలతలు

కావలసినవి టేపు, షాక్ పంపు (సస్పెన్షన్‌లో గాలి నింపేది), ఒక తోడు మనిషి. కాగితం మీద రాసుకోండి, తర్వాత ప్రతి మార్పుకీ ఇదే ఆధారం.

టైర్లలో మీరు మామూలుగా తొక్కేటప్పుడు ఉండే గాలి పెట్టండి. బండిని గోడ పక్కన చదును నేల మీద నిటారుగా నిలబెట్టండి. బాటమ్ బ్రాకెట్ (క్రాంక్‌లు తిరిగే చోటు) ఇరుసు మధ్య నుంచి నేలకు ఎత్తు కొలవండి. దీన్నే బీబీ ఎత్తు అంటాం. హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని) బళ్ళలో ఇది మామూలుగా 300 నుంచి 320 మి.మీ. మధ్య ఉంటుంది. వెనక సస్పెన్షన్ ఉన్న ట్రెయిల్ బైకుల్లో 335 నుంచి 350 దాకా ఉంటుంది. క్రాంక్ పొడవు క్రాంక్ లోపలి వైపు అచ్చయి ఉంటుంది, 170 లేదా 175 చాలా సాధారణం. పెడల్ మందం కూడా కొలవండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 29 అంగుళాల హార్డ్‌టెయిల్, 2.25 టైర్లు, బీబీ ఎత్తు 308, క్రాంక్ 175, బండితోపాటు వచ్చిన 28 మి.మీ. మందం ప్లాస్టిక్ పెడల్స్. 308లో 175 తీస్తే 133. పెడల్ మందంలో సగం 14 తీస్తే 119. మనిషి ఎక్కగానే ముందు ఫోర్క్ 25 మి.మీ. కిందికి దిగుతుంది. హార్డ్‌టెయిల్‌లో ముందు భాగం దిగితే బండి వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది, కాబట్టి బీబీ దగ్గర ఆ దిగుదలలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ వస్తుంది, అంటే సుమారు 9 మి.మీ. చివరికి పెడల్ కింద మిగిలేది 110. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, దీంతోనే ముందుకు వెళ్దాం.

వెనక సస్పెన్షన్ బండికి లెక్క వేరు. బీబీ 340 ఎత్తులో ఉంది కదా అని సంబరపడతాం. కానీ వెనక 130 మి.మీ. ట్రావెల్‌లో (సస్పెన్షన్ నొక్కుకునే మొత్తం దూరం) 30 శాతం దిగితే 39 మి.మీ., ముందు 140లో 20 శాతం దిగితే 28. ఈ రెండూ కలిసి బీబీని సుమారు 34 మి.మీ. దించేస్తాయి. 340 కాస్తా 306 అవుతుంది. షోరూంలో నిలబెట్టినప్పటి ఎత్తుకూ, మీరు కూర్చుని తొక్కేటప్పటి ఎత్తుకూ ఇంత తేడా ఉంది కనుకే ఫుల్ సస్పెన్షన్ బళ్ళలో గాలి ఒత్తిడి అంత ముఖ్యం.

అడుగు 3: స్యాగ్ సరిచేయడం

బండి కదలకుండా ఉన్నప్పుడు మీ బరువుకు సస్పెన్షన్ ఎంత దిగుతుందో అదే స్యాగ్. క్లియరెన్స్ (పెడల్‌కూ నేలకూ మధ్య ఎడం) కోసం ఖర్చు లేకుండా చేయగల మొదటి పని ఇదే.

నీళ్ళ సంచి, హెల్మెట్, బూట్లు, తొక్కేటప్పుడు మీ దగ్గర ఏమేం ఉంటాయో అన్నీ వేసుకోండి. మూడు లీటర్ల నీళ్ళంటే మూడు కిలోలు, అది కూడా లెక్కే. లాకౌట్ (సస్పెన్షన్‌ను కదలకుండా ఆపే మీట) తీసేయండి. ఫోర్క్ మెరుపు గొట్టం మీద రబ్బరు ఓ-రింగ్ లేకపోతే ప్లాస్టిక్ జిప్ టై వదులుగా కట్టండి. నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి, గొట్టాలకు లోపలి నూనె తడి అందుతుంది. తోడు మనిషి హ్యాండిల్ పట్టుకుని ఉండగా మీరు రెండు పెడల్స్ మీద, తొక్కేటప్పుడు నిలబడే పద్ధతిలో నిలబడండి. రింగును సీలు (గొట్టం కింది కాలిలోకి దూరే చోట ఉండే రబ్బరు) దాకా తోసేసి, ఎగరకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత దూరం జరిగిందో కొలవండి.

హార్డ్‌టెయిల్ మీద 100 మి.మీ. ఫోర్క్‌కు 15 నుంచి 20 మి.మీ. మంచిది. ట్రెయిల్ ఫోర్క్‌కు మొత్తం ట్రావెల్‌లో 20 శాతం చుట్టుపక్కల. వెనక షాక్‌కు 25 నుంచి 30 శాతం. వెనక కొలిచేటప్పుడు చక్రం ట్రావెల్ తీసుకోకండి, షాక్ స్ట్రోక్ (షాక్ తాను నొక్కుకునే పొడవు) తీసుకోండి. స్ట్రోక్ 50 మి.మీ. అయితే 28 శాతం అంటే 14 మి.మీ. రింగు జరగాలి.

ఎక్కువ దిగుతుంటే గాలి పెంచండి. ఒక్కోసారి 5 పీఎస్‌ఐ చొప్పున పెంచి, ప్రతిసారీ పదిసార్లు నొక్కి మళ్ళీ కొలవండి. చాలా ఎయిర్ ఫోర్క్‌లలో, షాక్‌లలో కింద ఇంకో గాలి గది ఉంటుంది, నొక్కితేనే రెండింటి మధ్య ఒత్తిడి సర్దుకుంటుంది. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమన్న చప్పుడు పంపు గొట్టంలో ఉన్న గాలిది, ఫోర్క్‌లోది కాదు. దానికి భయపడి ఎక్కువ నింపకండి. ఎండలో నిలబెట్టిన బండికి కొలత తీయకండి. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, నీడలో తీసుకున్న అంకెతో సరిపోలదు.

స్ప్రింగ్ ఫోర్క్ ఉన్నవాళ్ళకు ప్రీలోడ్ నాబ్ ఉంటుంది. దాన్ని బిగిస్తే స్యాగ్ తగ్గుతుంది కానీ స్ప్రింగ్ గట్టిదనం మారదు. నాబ్ చివరిదాకా బిగించినా 30 మి.మీ. దిగుతోందంటే మీ బరువుకు ఆ స్ప్రింగ్ చాలదు, గట్టి స్ప్రింగ్ వేయించాలి. నాబ్‌ను ఇంకా తిప్పి విరగ్గొట్టకండి.

ఫుల్ సస్పెన్షన్‌లో వెనక స్యాగ్ 30 నుంచి 25 శాతానికి తగ్గిస్తే బీబీ సుమారు 4 మి.మీ. పైకొస్తుంది. ఇంకా బిగించి 20కి తెస్తే ఇంకో 4 వస్తుంది. కానీ ఎర్రమట్టి మీద గులక ఉన్న ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం పట్టు వదిలేస్తుంది. నా ఉద్దేశంలో 25 దగ్గర ఆగిపోవాలి. మిగతాది రీబౌండ్‌తో సంపాదించుకోవచ్చు.

అడుగు 4: రీబౌండ్, కంప్రెషన్

ఈ భాగాన్ని ఓపిగ్గా చదవండి. స్యాగ్ సరిగ్గానే ఉన్నా రాళ్ళ వరసలో పెడల్ తగులుతున్న బళ్ళలో చాలావాటికి కారణం ఇక్కడే ఉంటుంది.

రీబౌండ్ అంటే నొక్కుకున్న సస్పెన్షన్ తిరిగి లేచే వేగం. అది మరీ నెమ్మదిగా ఉంటే మొదటి రాయికి దిగిన ఫోర్క్ పూర్తిగా లేవకముందే రెండో రాయి వస్తుంది, మూడోది వస్తుంది. ప్రతిసారీ ఇంకొంచెం కిందికి పోతూ చివరికి బండి ట్రావెల్ మధ్యలో ఎక్కడో కూరుకుపోయి తిరుగుతుంది. అప్పుడు 308 అనుకున్న బీబీ నిజంగా 290లో ఉండవచ్చు. మెత్తగా ఉందనిపించి చాలామంది రీబౌండ్ నాబ్‌ను నెమ్మది వైపు తిప్పేసి వదిలేస్తారు, ఇది దానికి చెల్లించే మూల్యం.

పరీక్షించే పద్ధతి ఇది. నాబ్‌ను నెమ్మది వైపు చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ సగానికి తెరవండి. ఫుట్‌పాత్ అంచు మీద నుంచి సీటు మీద కూర్చునే మెల్లగా దిగండి. బండి ఒకసారి దిగి, లేచి, అక్కడే నిలబడాలి. రెండోసారి ఎగిరితే మరీ వేగం, ఒక క్లిక్కు తగ్గించండి. లేవడానికి బద్ధకిస్తున్నట్టు అనిపిస్తే రెండు క్లిక్కులు తెరవండి. తర్వాత అసలు పరీక్షగా వరసగా నాలుగైదు రాళ్ళు లేదా వేర్లు ఉన్న చోట ఓ-రింగును కిందికి తోసి ఒకసారి తొక్కండి. అలాంటి రాయి ఒక్కటే ఉన్న చోట ఇంకోసారి తొక్కండి. వరసలో రింగు చాలా ఎక్కువ దూరం జరిగితే సస్పెన్షన్ కూరుకుపోతోందన్న మాటే. రీబౌండ్ ఒక్కో క్లిక్కు తెరుస్తూ మళ్ళీ చూడండి.

లో-స్పీడ్ కంప్రెషన్ నాబ్ (సస్పెన్షన్ మెల్లగా దిగడాన్ని అడ్డుకునేది) ఉంటే ఒకటి రెండు క్లిక్కులు బిగించండి. ఎక్కేటప్పుడు తొక్కుడుకు బండి ఊగడం, బ్రేకు వేసినప్పుడు ముందుకు వంగడం తగ్గుతాయి, బీబీ అంత దిగదు. మరీ బిగిస్తే చేతులకు దెబ్బలు తెలుస్తాయి.

ఎయిర్ ఫోర్క్‌లో వేసే వాల్యూమ్ స్పేసర్లు స్యాగ్‌ను మార్చవు. ట్రావెల్ చివర్లో గట్టిదనాన్ని పెంచుతాయి. ప్రతి రైడ్‌లోనూ రింగు చివరిదాకా పోతుంటే ఒక స్పేసర్ చేర్చండి. ఎప్పుడో ఒక పెద్ద దెబ్బకు మాత్రమే పోతుంటే అలాగే ఉండనివ్వండి.

అడుగు 5: క్రాంక్, పెడల్, చైన్‌రింగ్

టేప్ పరీక్షలో పెడల్ దోషి అని తేలితే అతి తక్కువ నష్టంతో ఎక్కువ లాభం ఇక్కడ. 175 క్రాంక్ తీసి 165 వేస్తే నేరుగా 10 మి.మీ. 28 మి.మీ. ప్లాస్టిక్ పెడల్ తీసి 16 మి.మీ. మందం అల్లాయ్ పెడల్ వేస్తే ఇంకో 6. మన ఉదాహరణలో 110 ఉన్నది 126 అయింది, ఫ్రేమ్ జామెట్రీ రవ్వంత కూడా మారలేదు.

పొట్టి క్రాంక్‌తో బలం తగ్గిపోతుందేమోనని కొందరికి సందేహం. కాలికి దొరికే పట్టు సుమారు 6 శాతం తగ్గే మాట నిజమే. 32 పళ్ళ చైన్‌రింగ్ బదులు 30 వేస్తే అది తిరిగి వచ్చేస్తుంది. పైగా చైన్‌రింగ్ కింద 4 మి.మీ. అదనంగా దొరుకుతుంది, ఎందుకంటే ఒక్కో పన్ను తగ్గితే వ్యాసార్ధం 2 మి.మీ. తగ్గుతుంది. 104 మి.మీ. బోల్ట్ కొలత (బోల్టులు కూర్చునే వృత్తం వ్యాసం) ఉన్న క్రాంక్‌లకు మామూలుగా 32 కంటే చిన్న రింగు పట్టదు. వాటి కోసమే ప్రత్యేకంగా చేసిన 30 పళ్ళవి దొరుకుతాయి, కొనేముందు అడిగి తీసుకోండి.

ముందు మూడు చైన్‌రింగులున్న పాత బళ్ళలో పెద్దది 42 పళ్ళు ఉంటుంది. కొండల్లో దాని పనే లేదు. రింగులు బోల్టులతో బిగించి ఉంటే 42ను తీసేసి, ఆ స్థానంలో బ్యాష్ గార్డ్ (రాతి దెబ్బ కాచే, పళ్ళు లేని చక్రం) వేయించండి. దాని వ్యాసం మధ్య రింగు కంటే కాస్తే పెద్దదిగా ఉండాలి. చైన్‌రింగ్ దగ్గర 15 మి.మీ. దాకా వస్తుంది, తగిలినా పళ్ళు వంగవు. ముందు షిఫ్టర్ పెద్ద రింగు వైపు పోకుండా డిరైలర్ పరిమితి స్క్రూ సర్దించుకోండి. మూడూ కలిపి రివెట్ చేసిన చౌక రకం క్రాంక్ అయితే ఇది కుదరదు, క్రాంక్ మొత్తం మార్చడమే.

పని పద్ధతిలో రెండు జాగ్రత్తలు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. రెండు పెడల్స్‌నూ బిగించేటప్పుడు రెంచీ పై కొనను ముందు చక్రం వైపు తిప్పాలి, విప్పేటప్పుడు వెనక చక్రం వైపు. చదరపు ఇరుసు క్రాంక్ అయితే పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టకండి, బేరింగ్ పోతుంది. కొత్త క్రాంక్ వేశాక మొదటి రైడ్ తర్వాత బోల్టు మళ్ళీ బిగించి చూడండి.

క్రాంక్ 10 మి.మీ. తగ్గితే సీటు 10 మి.మీ. పైకి లేపాలి. లేకపోతే మోకాలు పూర్తిగా చాపుకోదు, నొప్పి మొదలవుతుంది. సీటు లేచినందుకు హ్యాండిల్ కిందికి పోయినట్టు అనిపిస్తే స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) కింద 10 మి.మీ. స్పేసర్ చేర్చుకోండి.

అడుగు 6: టైర్లు

2.25 తీసి 2.4 వేస్తే వ్యాసార్ధం సుమారు 4 మి.మీ. పెరుగుతుంది. రెండు చక్రాలకూ వేస్తే బండి అంతా సమానంగా లేస్తుంది, కోణాలు మారవు. అందుకే ఈ పద్ధతి నాకు ఇష్టం. అయితే ఫ్రేమ్‌లో చోటు చూడాలి. టైరుకూ చైన్‌స్టేకూ (వెనక చక్రం పక్కన ఉండే ఫ్రేమ్ గొట్టం) మధ్య ప్రతి వైపూ కనీసం 6 మి.మీ. ఉండాలి. వానాకాలంలో కూడా తొక్కేవాళ్ళు 8 నుంచి 10 ఉంచుకోండి. మన ఎర్రమట్టి తడిసిందంటే టైరుకు పిండిముద్దలా పట్టేసి, సందు తక్కువ ఉంటే చక్రాన్నే ఆపేస్తుంది. రిమ్ లోపలి వెడల్పు 19, 20 మి.మీ. ఉన్న పాత చక్రాల మీద 2.4 నిటారుగా లేచి మలుపుల్లో పక్కకు ఊగుతుంది. అక్కడ 2.3 దగ్గర ఆగండి.

గాలి మరీ తక్కువ పెడితే సంపాదించిన ఎత్తు పోతుంది, రిమ్ రాయికి తగులుతుంది. 70 కిలోల మనిషికి, 2.3 టైరుకు, ట్యూబ్‌తో ముందు 25, వెనక 28 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ట్యూబ్‌లెస్ అయితే రెండు మూడు పీఎస్‌ఐ తగ్గించవచ్చు. మన ఎండలకు లోపలి సీలెంట్ (కన్నాలు పూడ్చే ద్రవం) త్వరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి విప్పి చూడండి.

26 అంగుళాల ఫ్రేమ్‌లో 27.5 చక్రం పట్టించే ప్రయత్నం చేసేవాళ్ళున్నారు. టైరుకు చోటు, బ్రేకులు, ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు పైన తగలకపోవడం, ఈ మూడూ సరిచూసుకోకుండా చేయకండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఇంకొకటి చూడండి. 29 కోసం చేసిన ఫ్రేమ్‌కు వెనక 27.5 చక్రం వేసి అమ్ముతుంటే, ఆ బండి బీబీ అసలు ఉండాల్సిన దానికంటే 12 మి.మీ. దిగి ఉంటుంది.

అడుగు 7: జామెట్రీ మార్పులు

పైవన్నీ అయ్యాక మన ఉదాహరణ బండి ఎక్కడుందో చూడండి. క్రాంక్ 10, పెడల్ 6, టైర్లు 4, ముందు ఫోర్క్ స్యాగ్ 25 నుంచి 20 మి.మీ.కి తగ్గిస్తే 2. మొత్తం 22. పెడల్ కింద 110 ఉన్నది 132 అయింది. చాలామందికి ఇది సరిపోతుంది. సరిపోని వాళ్ళు, ముఖ్యంగా రాతి మెట్ల మీద నిదానంగా, సాంకేతికంగా తొక్కేవాళ్ళు, ఇక్కడి నుంచి చదవండి.

ఫుల్ సస్పెన్షన్ ఫ్రేమ్‌లలో షాక్ చివరో, లింక్ దగ్గరో ఫ్లిప్ చిప్ (తిప్పి బిగిస్తే ఫ్రేమ్ ఎత్తు మారే చిన్న ముక్క) ఉంటే మీ అదృష్టం. దాన్ని హై వైపు తిప్పితే బీబీ మామూలుగా 5 నుంచి 8 మి.మీ. లేస్తుంది, హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు కోణం) సుమారు అర డిగ్రీ నిటారు అవుతుంది. ఎక్కడానికి ఇంకా మంచిది. మార్చాక షాక్‌లో గాలి పూర్తిగా తీసేసి, వెనక చక్రాన్ని చివరిదాకా పైకి తోసి, టైరు గానీ షాక్ గానీ ఫ్రేమ్‌కు తగలడం లేదని చూడండి. బోల్టులను ఫ్రేమ్ మీద రాసిన టార్క్‌కే బిగించండి. పొడవు తేడా ఉన్న షాక్ వేసి ఎత్తు పెంచాలని చూడకండి. ట్రావెల్ చివర్లో టైరు సీట్‌ట్యూబ్‌ను గుద్దుకునే ప్రమాదం ఉంది.

హార్డ్‌టెయిల్‌కు ఉన్న దారి ముందు భాగం లేపడం. ఫ్రేమ్ కింది హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగ్) లోపలికి దిగే రకమైతే, దాని బదులు బయటికి ఉండే కప్పు వేయిస్తే ముందు 10 నుంచి 12 మి.మీ. లేస్తుంది, బీబీ దగ్గర సుమారు 4 వస్తుంది. హెడ్ యాంగిల్ అర డిగ్రీ వాలుతుంది. మీ ఫ్రేమ్ కొలతకు ఆ కప్పు దొరుకుతుందో లేదో ముందు తెలుసుకోండి.

ఇక ఫోర్క్. 20 మి.మీ. ఎక్కువ ట్రావెల్ ఉన్న ఫోర్క్ వేస్తే బండిని ఊరికే నిలబెట్టినప్పుడు బీబీ 7 మి.మీ. లేస్తుంది. మనిషి కూర్చున్నాక, అంత పొడవు ఫోర్క్ ఇంకాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టి మిగిలేది 5. బదులుగా హెడ్ యాంగిల్ ఒక డిగ్రీ వాలుతుంది, సీటు కోణం కూడా ఒక డిగ్రీ వెనక్కి పోతుంది. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, హ్యాండిల్ అటూ ఇటూ తిరుగుతుంది. సీటును పట్టాల మీద 10 మి.మీ. ముందుకు జరిపితే కొంత సర్దుకుంటుంది. దిగేటప్పుడు మాత్రం బండికి ధైర్యం వస్తుంది, కాబట్టి దిగుడు కోసమే ఫోర్క్ మార్చేవాళ్ళు నిక్షేపంగా మార్చుకోవచ్చు. క్లియరెన్స్ కోసమైతే నేను వద్దంటాను.

మార్చేముందు ఫ్రేమ్ తయారీదారు ఎంత పొడవు ఫోర్క్ దాకా అనుమతించారో తప్పనిసరిగా చూడండి. ముందు ఇరుసు మధ్య నుంచి ఫోర్క్ కిరీటం (రెండు కాళ్ళూ పైన కలిసే చోటు) పైభాగం దాకా ఉన్న పొడవును సరిపోల్చాలి, ట్రావెల్ అంకె ఒక్కటే చాలదు. పరిమితి దాటితే హెడ్‌ట్యూబ్, డౌన్‌ట్యూబ్ కలిసే అతుకు మీద భారం పెరుగుతుంది. అక్కడ పగులు వస్తే అది దిగుడులోనే తెలుస్తుంది, దాని ఫలితం మీ ముఖం మీద పడుతుంది.

బీబీ ఎత్తు పెరిగిన ప్రతిసారీ మీ బరువు కూడా పైకి పోతుంది. 10 మి.మీ. దాకా పెద్దగా తెలియదు. ఆ పైన వేగంగా తిరిగే మలుపుల్లో బండి బయటికి దొర్లుతున్నట్టు అనిపిస్తుంది. కైలాసగిరి వైపు వంపుల్లో వేగంగా దిగడం ఇష్టపడేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

అడుగు 8: దారి మీద సరిచూడటం

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంటికి దగ్గర్లో ఒక రాతి అంచు ఎంచుకుని, దాని ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. ప్రతి మార్పు తర్వాత అదే వేగంతో అదే రాయి దాటండి, పేపర్ టేప్ మళ్ళీ అంటించి చూడండి.

ఎక్కడ పరీక్షించాలన్నది కూడా ముఖ్యం. కంబాలకొండ వన్యప్రాణి సంరక్షణ కేంద్రం, కాబట్టి అటవీ శాఖ అనుమతించిన దారుల్లోనే, వాళ్ళు చెప్పిన వేళల్లోనే తొక్కండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీదికి సైకిల్ ఎక్కించకండి. వేల ఏళ్ళుగా గాలి, నీరు కలిసి చేసిన ఆ దిబ్బలు భౌగోళిక వారసత్వ సంపద, ఒక్క టైరు గాడి పడితే మరుసటి వాన దాన్నే కాలవ చేస్తుంది. తొట్లకొండ, బావికొండల్లోని బౌద్ధ కట్టడాల దగ్గరా అంతే.

తొక్కే పద్ధతి గురించి రెండు మాటలు. రాళ్ళ మధ్య పెడల్‌ను పూర్తిగా తిప్పకుండా పావు వంతు ముందుకు, పావు వంతు వెనక్కి ఆడిస్తూ అర తొక్కుళ్ళతో దాటండి. అడ్డవాలులో జారేటప్పుడు కొండవైపు పెడల్ పైన ఉండాలి. ఇవి వచ్చినవాళ్ళకు పైన చెప్పిన వాటిలో సగం అవసరం రాదు.

సముద్రపు గాలికి తయారుగా ఉండండి

బీచ్ రోడ్డు మీదుగా, యారాడ మీదుగా తిరిగే బళ్ళకు ఉప్పు గాలి తగులుతుంది. ఫోర్క్ గొట్టాల మీద ఉప్పు పొడి, ఇసుక చేరి సీళ్ళు బిగుసుకుంటే ఫోర్క్ స్వేచ్ఛగా దిగదు. అప్పుడు స్యాగ్ కొలిస్తే తక్కువ చూపిస్తుంది. అది గాలి ఎక్కువై కాదు, రాపిడి వల్ల. ఆ తప్పుడు అంకె చూసి గాలి తగ్గిస్తే, సర్వీసు చేయించిన రోజు నుంచి బండి కిందికి కూరుకుపోతుంది. కాబట్టి ప్రతి రైడ్ తర్వాత మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో గొట్టాలు తుడవండి. 50 గంటల తొక్కుడుకోసారి ఫోర్క్ కింది కాళ్ళు విప్పించి నూనె మార్పించండి, ఆ వెంటనే స్యాగ్ మళ్ళీ కొలవండి. పంపుతో నీళ్ళు నేరుగా సీళ్ళ మీదికి, బాటమ్ బ్రాకెట్ మీదికి కొట్టకండి.

పెడల్ మరలకు, క్రాంక్ బోల్టులకు, సీట్‌పోస్టుకు గ్రీజు రాయండి. కార్బన్ సీట్‌పోస్టుకు మాత్రం మామూలు గ్రీజు వాడకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది. ఉప్పు పట్టి బిగుసుకుపోయిన పెడల్‌ను క్రాంక్ నుంచి విప్పడానికి కష్టపడే మెకానిక్‌లను ఈ ఊళ్ళో ఎప్పుడూ చూస్తూనే ఉంటాం.

మీ బరువు మూడు నాలుగు కిలోలు మారినా, వేసవికి నీళ్ళ సంచి పెద్దదైనా, కొత్త టైరు వేసినా బీబీ ఎత్తు, స్యాగ్ మళ్ళీ కొలిచి అదే కాగితం మీద తేదీ వేసి రాయండి.